ఒడుపు చొక్కా

సురంగ్‌ధార్ గ్లేసియర్ మీద జూన్ నెలలో కూడా స్కీయింగ్ చేయవచ్చు. అందుకే కింద దేశమంతా ఎండకి మాడిపోతుంటే, ఉన్నవాళ్లు కొందరు ఇక్కడికి ఎగబాకి వచ్చి, కాళ్లకి స్కీలు తగిలించుకుని, నాలుగు రోజులు పడి లేచి, కుదిరితే ఒక చెయ్యి విరగ్గొట్టుకుని సంతోషంగా దిగిపోతుంటారు. వాళ్లకి నేర్పే మాస్టరు పేరూరి వీరవెంకయ్య. తాడేపల్లిగూడెం పక్క మెట్ట ఊరి మనిషి. పట్టాళంలో చేరేదాకా ఆయన చూసిన మంచు గోళీసోడా బండి మీది గడ్డ ఒక్కటే. పట్టాళం వాళ్లు ఆయన కాళ్లకి రెండు చెక్కలు కట్టి కొండ మీంచి పొమ్మన్నారు. తోటివాళ్లందరూ దొర్లారు, ఈయన నిలబడ్డాడు. ఎలా నిలబడ్డావురా అని అడిగితే, అప్పుడూ చెప్పలేకపోయాడు, సుబేదారుగా రిటైరయ్యాకా చెప్పలేకపోయాడు. రిటైరయ్యాక ఈ రిసార్టులో కుదిరాడు.

ఆయన భార్య మాణిక్యం రిసార్టు మెస్సు చూసుకుంటుంది. అంత ఎత్తున వంట చేయడం మాటలు కాదు. నీళ్లు సరిగ్గా వేడెక్కకుండానే మరిగిపోతాయి. పప్పు ఉడకదు, ఇడ్లీ పిండి పులవదు, అన్నం పైన మెత్తగా లోపల బిరుసుగా దిగుతుంది. ఆవిడ ఇడ్లీ తప్ప అన్నింటినీ దారికి తెచ్చుకుంది కానీ మంచుని మాత్రం దగ్గరికి రానివ్వలేదు. "నడవటానికి కాళ్లిచ్చేడు దేవుడు. జారిపడ్డానికి మనిషే కనిపెట్టుకున్నాడు," అనేది.

మూడో మనిషి హైమవతి, మాణిక్యం చెల్లెలు. మనిషి శరీరం ఒక పనిని ఎలా గుర్తుపెట్టుకుంటుందో ఆ అమ్మాయి చదువుకున్న చదువు. రిసార్టు కంపెనీ మెస్సు వెనకాల రెండు గదుల షెడ్డు వేసి, యంత్రాలు పెట్టి, ఆమెను ప్రయోగం చేసుకోమంది. ప్రయోగం సంగతెలా ఉన్నా, ల్యాబులో ఉన్న వెచ్చటి పెట్టెలో మాణిక్యం పిండి గిన్నె పెట్టుకోవడం మొదలెట్టింది. ఇడ్లీలు పొంగాయి. శాస్త్రం వల్ల ఆ ఇంటికి ఒరిగిన మొదటి లాభం అదే.

ప్రయోగం మొదలైన రోజున హైమ బావగారిని కుర్చీలో కూర్చోబెట్టి తలకి చల్లటి జిగురు పూసి, తీగల టోపీ బిగించింది. ముక్కులో ఒక మందు పిచికారీ చేసింది. ఎదురుగా గోడ మీద బొమ్మ పడింది. ఆయన హెల్మెట్‌కి కెమెరా కట్టి తీసినదే. పై వాలు నుంచి ఆయన దిగుతున్నప్పుడు కళ్లకి కనబడేదంతా అందులో ఉంది.

"కదలకు బావా."

"నువ్వు తల పట్టుకుని కూర్చుంటే ఎలా కదుల్తానే? మీ అక్క చూసిందంటే నాకు ఇడ్లీ ఉండదు."

బొమ్మ నడిచింది. కుర్చీలో కూర్చున్న మనిషి తొడలు, పిక్కలు, నడుము సన్నగా అదరసాగాయి. బొమ్మలో మలుపు వస్తుందనగా, అది రాకముందే ఆయన కుడి మోకాలు కొంచెం లోపలికి వంగేది. పక్క గదిలో యంత్రం ఆ అదురునంతా, దాని వెనక మెదడు పెట్టే ముహూర్తాన్నంతా పట్టుకుంది. దాన్ని సన్నటి తీగలు అల్లిన చొక్కాలోకి, లాగులోకి ఎక్కిస్తారు. వేసుకున్నవాడి కండరాలని చొక్కా సమయానికి చిన్నగా తడుతుంది. అలా తట్టించుకుంటూ పదిసార్లు దిగితే, ఆ తర్వాత చొక్కా విప్పేసినా కాళ్లు మర్చిపోవు. కంపెనీ దానికేదో పెద్ద పేరు పెట్టుకుంది. వీరవెంకయ్య ఒడుపు చొక్కా అన్నాడు, అందరూ అదే అన్నారు.

టోపీ విప్పుతూ హైమ అంది: "ఇది జాగ్రత్తగా విను. మందుతో నీ ఒడుపు మూత తీశాను. ఇప్పుడది ఆవకాయ జాడీ తెరిచిపెట్టినట్టుంది. నిద్రపోయే లోపల నిజంగా ఒక్కసారి పైనుంచి దిగితే మూత పడుతుంది. దిగకుండా పడుకున్నావా, మర్చిపోతావ్."

"నిన్ను కూడా చేసుకోడమే మర్చిపోయేను. అంతకంటే ఇంకేం మర్చిపోతానే?"

హైమ తువ్వాలు తీసి వీపు మీద ఒకటి అంటించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. బావా మరదళ్ల మధ్య మందు వేసుకోమన్నా వేళాకోళమే, ఇల్లు తగలబడిందన్నా వేళాకోళమే. ఆ నవ్వులో అసలు మాట కొట్టుకుపోయింది. ఆ రోజుకి ఏమీ కాలేదు. ఇంకా ఎండ ఉంది, ఎవరో అతిథి రమ్మంటే పైకెళ్లి ఒకసారి దిగి వచ్చాడు.

చొక్కాని ఎవరి మీదైనా పరీక్షించాలి. స్కీయింగ్‌లో ఓనమాలు రానివాళ్లు కావాలి. పనివాళ్లంతా కొండవాళ్లు, పుట్టుకతోనే జారతారు. వచ్చే అతిథుల మీద ప్రయోగానికి కంపెనీ ఒప్పుకోదు. చుట్టుపక్కల ఎంత వెతికినా బొత్తిగా రానిది మాణిక్యం ఒక్కతే.

"నీకేమైనా పిచ్చా? నా నడుం విరిగితే మెస్సు ఎవరు నడుపుతారు?" అంది మాణిక్యం.

"అక్కా, నా మాట మీద నమ్మకం లేదా?"

"నీ మీదుంది. మంచు మీద లేదు."

చెల్లెలు బతిమాలితే అక్క ఎంతసేపు నిలుస్తుంది. చీర మీద స్వెట్టరు తప్ప ఎరగని మనిషి తీగల లాగు, చొక్కా వేసుకుని, పిల్లలు జారే చిన్న వాలు మీదికి వెళ్లి, ఆంజనేయ దండకం సగం చదివి, కళ్లు మూసుకుని కదిలింది. పడలేదు. ఎవరో లోపలనుంచి మోకాలు తట్టినట్టయింది, మోకాలు వంగింది, మలుపు తిరిగింది. కళ్లు తెరిచి చూస్తే అడుగున నిలబడి ఉంది. అడుగున వీరవెంకయ్య కూడా నిలబడి ఉన్నాడు.

"ఎలాగుంది?" అన్నాడు.

"మీరే వెనకాల నుంచుని పట్టుకున్నట్టుందండీ," అంది. అనేశాక సిగ్గుపడి మెస్సులోకి పోయింది. కానీ మర్నాడు ఎవరూ పిలవకుండానే వచ్చింది. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టడం, అది ఉడికేలోగా ఒకసారి దిగి రావడం. నెల తిరిగేసరికి చొక్కా లేకుండానే పై వాలు నుంచి దిగసాగింది. నలభై దాటాక దొరికిన ఆ సంతోషాన్ని ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పకపోయినా మొహంలో తెలిసిపోయేది.

కంపెనీ ఒక వాలుతో ఊరుకోలేదు. లోతు మంచులో దిగడం, గడ్డకట్టిన మంచు మీద దిగడం, మంచు పగుళ్ల పక్కనుంచి తప్పించుకుని దిగడం, అన్నీ విడివిడిగా కావాలంది. తయారైన ప్రతి చొక్కానీ ముందు వేసుకుని దిగింది మాణిక్యమే. అతిథులకి ఇబ్బంది లేకుండా, లిఫ్టు ఆపి బాగుచేసుకునే సెలవు రోజుల్లో వీరవెంకయ్య కుర్చీలో కూర్చునేవాడు. లేచేసరికి తలంతా జిగురు. ఆ చలికి అది గంజి పెట్టినట్టు బిగుసుకుపోయేది. సబ్బుకి వదలదు, షాంపూకి వదలదు. మాణిక్యం ఊరినుంచి తెప్పించుకున్న కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్లు కాచి, ఒళ్లంతా నూనె రాసి తలంటేది. తలంటు పోసుకున్న మనిషిని ఆ చలిలో మంచు మీదికి ఎవరు పంపుతారు? ఏ ఇల్లాలు పంపుతుంది? సాంబ్రాణి పొగ పట్టి, వేడన్నంలో ఉలవచారు పోసి పెట్టి, దుప్పటి కప్పేది. ఆయన హాయిగా గుర్రు పెట్టేవాడు. మర్నాడెలాగూ దిగుతాం కదా అనుకునేవాడు. హైమ తన లెక్కల్లో తాను మునిగి, లిఫ్టు లేకపోయినా మనుషుల్ని పైకి మోసే బండి ఉంది కదా, బావ వెళ్లే ఉంటాడనుకునేది.

మొదట లిఫ్టు దిగుతూ తూలాడు. కొత్త బూట్లన్నాడు. ఓ రోజు మలుపులో స్కీ అంచు పట్టు తప్పి, నేర్చుకోవడానికొచ్చిన పెళ్లికూతురు మీద పడ్డాడు. ఎదురుగాలన్నాడు. ఆ తర్వాత అతిథులతో పైకి వెళ్లడం మానేసి, అడుగున నిలబడి, "వంగు, వంగు! బరువు ముందుకి!" అని అరుస్తూ నేర్పసాగాడు. ఏం చేయాలో నోటికి తెలుసు. కాళ్లకి తెలియడం లేదు.

మాణిక్యానికి అది పై వాలు మీద కనబడింది. ఒక ఉదయం ఇడ్లీలు పొయ్యి మీద ఉండగా దిగుతూ ఉంటే, వాలు అంచునే ఒక మనిషి స్కీలు భుజాన వేసుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచి దిగుతున్నాడు. ఎవరో కొత్తవాడు భయపడ్డాడు పాపం అనుకుని దగ్గరికి వెళ్లింది. మొగుడు.

"మోకాళ్లు నొప్పులు," అన్నాడు ఆవిడ అడక్కుండానే.

మాణిక్యం నమ్మలేదు. మోకాళ్లు నొప్పులైతే ఆయన ఇంట్లో కూర్చుని తన చేత కాళ్లు పట్టించుకునే మనిషి. అలా దాక్కుని నడవడు. తిన్నగా షెడ్డులోకి వెళ్లి చెల్లెలితో చెప్పింది.

హైమ మెస్సు వంటింట్లోకే వచ్చింది. వీరవెంకయ్య ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఈమధ్య అది కూడా చేస్తున్నాడు.

"బావా, కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ పైకెళ్లి దిగావా?"

"ఎక్కడే? మీ అక్క తలంటి పడుకోబెట్టేది కదా. మర్నాడు దిగేవాణ్ణి."

"మర్నాడా?"

"ఆయ్. ఏం?"

హైమ గోడకి ఆనుకుంది.  "నిద్రపోయే లోపల అని చెప్పాను కదా బావా. పడుకుంటే మర్చిపోతావని చెప్పాను కదా."

"వేళాకోళమాడేవనుకున్నాను," అన్నాడు వీరవెంకయ్య.

 హైమ విడమర్చి చెప్పింది. మందు వేసి మూత తీశాక ఒడుపు మెత్తబడి ఉంటుంది. దిగితే మళ్లీ గట్టిపడుతుంది. దిగకుండా నిద్రపోతే మెదడు అక్కర్లేనిదనుకుని తుడిచేస్తుంది. ఒక్కో సెలవు రోజున ఒక్కో ముక్క పోయింది.

"మళ్లీ చొక్కాలో ఉంది కదే," అంది మాణిక్యం. "నాకెక్కింది కదా, ఆయనకి ఎక్కించు."

"చొక్కా ఏమీ రాయని పలక మీదే రాస్తుందక్కా. నీది అది. బావది తుడిచిన పలక, తడిగా ఉంది. ఇప్పుడు రాస్తే పట్టదు. ఎప్పటికి ఆరుతుందో నాకు తెలీదు. నిజంగా తెలీదు."

అయినా వారం రోజులు ప్రయత్నించారు. చొక్కా తట్టిన చోటల్లా ఆయన ఉలిక్కిపడి పడిపోయేవాడు. ఎనిమిదోసారి పడ్డాక చొక్కా విప్పి మడతపెట్టి మరదలి చేతికిచ్చాడు. ఆ మధ్యాహ్నం మాణిక్యం కుంకుడుకాయల సంచి తీసుకెళ్లి మెస్సు వెనక లోయలోకి విసిరేసి, అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నా చేత్తోనే కడిగేశాను," అంది. వీరవెంకయ్య వెళ్లి పక్కన కూర్చున్నాడు. కోపం లేదా అంటే ఉంది. ఎవరి మీద చూపించాలో తెలియక ఊరుకున్నాడు. ప్రేమగా తలంటిన దాని మీదా? ముందే చెప్పిన పిల్ల మీదా?

ఇంతలో కొత్త సీజను దగ్గరపడింది. సీజను తెరిచే ముందు ప్రతి ఏడూ మాస్టరుకి లైసెన్సు పరీక్ష ఉంటుంది. గ్లేసియర్ నెత్తి నుంచి, పగుళ్ల పక్కగా, అడుగుదాకా ఒంటరిగా దిగాలి. పరీక్షించడానికి నేగి అనే పెద్దాయన వస్తాడు. తప్పితే ఉద్యోగం లేదు, క్వార్టరు లేదు. పైగా కంపెనీ చొక్కాలు అమ్ముతున్నది ఈయన పేరు మీదే. మేనేజరు సూద్‌కి సంగతి ఇంకా తెలియదు. చెప్పాల్సింది తనే అని హైమ రెండుసార్లు ఆయన గుమ్మందాకా వెళ్లి వెనక్కొచ్చింది.

"నేను దిగుతాను," అంది మాణిక్యం.

ఇద్దరూ ఆవిడ వంక చూశారు.

"కళ్లద్దాలు, హెల్మెట్టు, మూతికి గుడ్డ. ఇద్దరం ఒక ఎత్తే. నడక చూస్తే పట్టుకుంటారేమో గానీ, జారడం చూస్తే ఎవడు పట్టుకుంటాడు? అది ఆయనదే కదా."

హైమ తల దించుకుంది.  పరీక్ష రోజు పొద్దున్నే వీరవెంకయ్య తన బూట్లు తెచ్చి, లోపల రెండు జతల మేజోళ్లు కుక్కి, ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాడు. ఆయన కోటు వేసుకుని ఆవిడ పైకి వెళ్లింది. వీరవెంకయ్య కోతిటోపీ కళ్లదాకా లాక్కుని, మెస్సు శాలువా కప్పుకుని, నేగి గారికి టీ పళ్లెం పట్టుకుని అడుగున నిలబడ్డాడు. పక్కన హైమ, సూద్.

పైన నల్లటి చుక్క కదిలింది. పగుళ్ల దగ్గరికి రాగానే వేగం తగ్గించకుండా సన్నటి దారిలో దూరి బయటపడింది. లోతు మంచులో నడుందాకా మునిగి, లేచి, మళ్లీ మునిగి, ఎక్కడా తొందర లేకుండా, ఒక మలుపు అవ్వకముందే తర్వాతి మలుపుకి సిద్ధమైపోతూ దిగుతోంది. మంచు మీద మిగిలిన గీత కూడా ఎక్కడా తెగలేదు. నేగి చేతిలో టీ చల్లారిపోతోంది, ఆయన తాగడం మర్చిపోయాడు.

"ఇలాంటి వాళ్లు నాకు తెలిసి ఇంకో ఇద్దరుంటారు," అన్నాడు హిందీలో, ఎవరితోనూ కాదన్నట్టు.

వీరవెంకయ్య ఇన్నేళ్లలో తను దిగడం తను ఎప్పుడూ చూడలేదు. కెమెరా కూడా ఆయన నెత్తిన కూర్చుని ముందుకే చూసింది. ఇప్పుడు నోరు తెరుచుకుని చూశాడు.

"నేనిలా దిగేవాణ్ణా హైమా?" అన్నాడు మెల్లగా.

హైమకి ఏడుపొచ్చింది, ఏడ్చేసింది.

ఆయన టీ పళ్లెం మంచు మీద పెట్టి, కోతిటోపీ తీశాడు. "సాబ్, వీరవెంకయ్య అంటే నేను. ఆ దిగేది నా భార్య," అన్నాడు.

మాణిక్యం అప్పుడే వచ్చి ఆగింది. కళ్లద్దాలు పైకి లాగి మొగుడి మొహం, నేగి మొహం చూసి సంగతి గ్రహించి మండిపడింది. "మిమ్మల్ని నోరు మూసుకుని టీ ఇమ్మన్నాను కదండీ! ఇంత దూరం ఎందుకు దిగేను నేను?"

"రేపెవడో ఆ పగుల్లో పడతాడు. తాడు కట్టుకుని వెళ్లాల్సింది మాస్టరు. నేనెళ్లలేను. నీ కాళ్లతో నేనెలా ఎళ్తాను మాణిక్యం?"

ఆవిడ వంగి స్కీలు విప్పుకుంది.

సూద్ మొహం ఎర్రబడి ఏదో అనబోయాడు. హైమ కళ్లు తుడుచుకుని, ఎక్కడ తప్పు జరిగిందో మొదటినుంచీ చెప్పి, ఇకనుంచి ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టనంది. నేగి చివరిదాకా విన్నాడు. చల్లారిన టీ తాగాడు. "నేను పరీక్షించేది దిగిన మనిషిని. దిగినావిడ పేరేమిటి?" అన్నాడు.

అలా మాణిక్యం మాస్టరైంది. మెస్సు వీరవెంకయ్య చేతికొచ్చింది. మొదటి వారం ఇడ్లీలతో గోడ కట్టొచ్చు అన్నారు పనివాళ్లు. హైమ యంత్రాలు మూసేసింది, కానీ అప్పటికే అమ్ముడైన చొక్కాలని ఏం చేయగలదు? బొంబాయి నుంచి వచ్చిన ఎవడో కుర్రాడు ఈల వేసుకుంటూ, మలుపుకి ముందే కుడి మోకాలు లోపలికి వంచుతూ పై వాలు నుంచి దిగిపోయేవాడు. వీరవెంకయ్య మెస్సు కిటికీలోంచి చూసి మళ్లీ గరిటె తిప్పుకునేవాడు. ఆయన్ని అలా చూసినప్పుడల్లా మాణిక్యం చూపు తిప్పుకునేది. బతికున్న మనిషి ఆస్తిని తను వాడుకుంటోంది మరి.

ఒక మధ్యాహ్నం గిన్నెలు కడిగాక, ఆయన చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "ఖాళీగా ఉన్నావా?"

పిల్లల వాలు మీద ఆ వేళప్పుడు ఎవరూ లేరు. ఆయన స్కీలు తగిలించుకుని నిలబడ్డాడు. పట్టాళంలో తూటాల మధ్య తిరిగిన మనిషి, ఆ పసివాళ్ల వాలు చూసి భయపడ్డాడు. మాణిక్యం ఆయనకి ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకుని, వెనక్కి జారుతూ, ఆయన్ని ముందుకి తీసుకుంది. కొత్తవాళ్లని అలా పట్టి దించడం కూడా ఆయన దగ్గర తీసిందే.

"వదలకే," అన్నాడు.

"వదల్ను."

కొంత దూరం అలాగే వెళ్లారు. ఆయన బరువు ముందుకి రావడం, భయం కొంచెం సడలడం ఆవిడ అరచేతులకి తెలిసింది. ఎక్కడ వదలాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఆవిడా ఆలోచించలేదు. వేళ్లు వాటంతటవే విడిపోయాయి.

"మాణిక్యం!" అని అరిచాడు.

పడలేదు. ఒంటరిగా, వంకరగా, చేతులు చాపుకుని, ఒక మలుపు తిరిగాడు. రెండో మలుపులో బోర్లా పడ్డాడు. ఆవిడ గబగబా జారి వెళ్లేసరికి మూతి నిండా మంచుతో లేచి కూర్చుని నవ్వుతున్నాడు.

"ఇలాగుంటుందేటే ఇది!" అన్నాడు. "ఇన్నేళ్లు ఆర్డరేస్తే దిగేను. ఇలాగుంటుందని తెలీదు నాకు."

మాణిక్యం ఆయన మూతి తన చీర కొంగుతో తుడవబోయి, కొంగు లేక, చేతి తొడుగుతో తుడిచింది. ఆయన లేచి నిలబడి వాలు పైకి నడవడం మొదలెట్టాడు.